చంకకర్రల గోడ

మా బావ కాళ్ళు చేస్తాడు. ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత సంగతి అర్థమై సర్దుకుంటారు. ప్రమాదంలోనో జబ్బువల్లనో కాలు పోగొట్టుకున్నవాళ్ళకి కొలత తీసి, పోతపోసి, కొత్త కాలు తొడిగి నడిపించడం ఆయన వృత్తి. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. నేను ఆయన మరదల్ని, ఆ కాళ్ళకి తోలు పట్టీలు కుడతాను. అక్క పెళ్ళినాటికి నేనింకా జడలు వేయించుకునే పిల్లని. అమ్మానాన్నా పోయాక వాళ్ళింట్లోనే పెరిగాను, అక్కడే ఉండిపోయాను. అందుకని ఆయన్ని నువ్వనే అంటాను, ఎంత మాట వస్తే అంత మాటా అంటాను. చేతిలో ఒకటి, నోట్లో ఒకటి ఉన్నాయని ఆయనే నాకు సూది అని పేరు పెట్టాడు.

మా దుకాణం ఒక పొడవాటి గది. కిటికీ పక్కన ప్లాస్టర్ దుమ్ము పట్టిన బల్ల, దాని మీద ఆకురాళ్ళు, కత్తులు. మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు ఇనప కమ్మీలు, వాటి చివర నిలువుటద్దం. ఎదురుగా ఉన్న గోడంతా చంకకర్రలు. చెక్కవి, రేకువి, చంక దగ్గర గుడ్డ చుట్టినవి, పిల్లలవి, పెద్దలవి, మేకులకి వేలాడుతూ ఉండేవి.

ఆ గోడ మా దుకాణపు ఆనవాయితీ. కొత్త కాలు తొడుక్కున్న మనిషి కమ్మీల మధ్య అద్దం దాకా నడిచి వెనక్కి రావాలి. అద్దం పక్కన బావ నవ్వుముఖంతో నిలబడి ఉంటాడు. "బాగుందా?" అంటాడు. "బాగుంది" అంటారు. అప్పుడాయన వాళ్ళు పట్టుకొచ్చిన చంకకర్రలు తీసుకెళ్ళి గోడకి తగిలిస్తాడు. గదిలో ఉన్నవాళ్ళం చప్పట్లు కొడతాం. కొందరు ఏడుస్తారు. ఒకాయన బావ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మొదటి రోజుల్లో నేనూ ఏడ్చేదాన్ని.

సాయంత్రం పని అయ్యాక టీ గ్లాసు పట్టుకుని బావ ఆ గోడ ముందు నిలబడేవాడు. "చూడవే సూదీ. ఇన్నేళ్ళలో ఒక్కరైనా తిరిగొచ్చి నా కర్రలు నాకిచ్చెయ్యమన్నారా? తిరిగి రాలేదంటే బాగున్నట్టే కదా" అనేవాడు. లెక్క సరిగ్గానే ఉందనిపించేది.

ఎప్పుడో ఒకరు ఒరుసుకుంటోందని వచ్చేవారు. బావ దగ్గర దానికి ఒకటే మందు. "కాలు సరిగ్గానే ఉంది. నువ్వే ఇంకా నడక నేర్చుకోవాలి. కంగారు పడకు, వస్తుంది" అని వీపు తట్టి పంపేవాడు. వాళ్ళు గడప దాటాక నా వైపు తిరిగి, "ఆడలేక మద్దెలోడన్నట్టు, నడవలేక కాలు మీద పడతారు" అనేవాడు. నేను ఊరుకుంటానా? "కాకి పిల్ల కాకికి ముద్దు బావా" అనేదాన్ని. పకపకా నవ్వేవాడు. వేళాకోళం ఎంతైనా పడేవాడు. నిజం చెబితే మాత్రం ముఖం మూసుకుపోయేది. ఆ తేడా నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆయన మంచివాడు. ఇది ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. రాలేనివాళ్ళని తనే బండి మీద తీసుకొచ్చేవాడు. చేతులకి పుళ్ళు పడినా మాటిచ్చిన రోజుకి కాలు అందించేవాడు. పిల్లలకి చేసిన కాళ్ళకి వాళ్ళడిగిన బొమ్మలు గీసిచ్చేవాడు. అలాంటి మనిషి నవ్వుతూ బాగుందా అని అడిగితే బాగాలేదని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

అంతలో అక్కకి ప్రమాదం జరిగింది. బజారు సందులో వెనక్కి వస్తున్న వ్యాను ఆమెని గోడకేసి నొక్కేసింది. మోకాలు మిగిలింది, దాని కింద తీసేశారు. ఆస్పత్రి వరండాలో బావ తన అరచేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. అక్క కళ్ళు తెరిచాక ఆమె తల నిమిరి, "నేనున్నాను కదా. పాత కాలు మర్చిపోయేలాంటి కాలు చేస్తాను" అన్నాడు. ఆ మాటకి అక్క నవ్వింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆ కాలు చేసినట్టు ఆయన ఇంకే కాలూ చెయ్యలేదు. తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీశాడు. అందులో మళ్ళీ ప్లాస్టర్ పోసి, మొండికాలు లాంటిదే ఇంకొకటి తయారుచేశాడు. దాన్ని ఆకురాయితో అరగదీశాడు. మెత్తటి కండ ఉన్నచోట లోపలికి, ఎముక పైకి ఉన్నచోట ఇంకాస్త ప్లాస్టర్ అద్ది బయటికి. దాని మీదే కాలు కూర్చునే భాగం పోస్తారు, మేం దాన్ని గిన్నె అంటాం. చెక్కడంలో గోరంత తేడా వస్తే ఆ తేడాని ఎముక మొయ్యాలి.

ఆ తేడా పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మొండికాలికి తొడిగిన గుడ్డ తొడుగు మీద రంగు పూసి, గిన్నె తొడిగి నడిపించి, విప్పి చూస్తే ఎక్కడ ఎక్కువ నొక్కుతోందో అక్కడ గిన్నె లోపల రంగు చిక్కగా అంటుకుని ఉంటుంది. పెళ్ళైన కొత్తలో బావ దీనికి అక్క లిప్‌స్టిక్ పట్టుకుపోయేవాడు. "నా పెదాల రంగంతా ఊళ్ళోవాళ్ళ కాళ్ళకే సరిపోయింది" అని అక్క చెప్పి నవ్వేది. తర్వాత ఎప్పుడో ఆయన అది మానేశాడు. అడిగితే, "ఇప్పుడు నా చేతికే తెలిసిపోతుంది" అన్నాడు. అప్పుడు గొప్ప అనుకున్నాను. ఇప్పుడు వేరేలా అనుకుంటాను. రంగు పూసిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఎరుపు కనబడేది. ప్రతిసారీ తప్పు చూడటం కన్నా చూడకపోవడం హాయి.

అక్క కాలు తొడుక్కునే రోజున పాతవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళల్లో అందరికన్నా ముందు మా ఉత్తరాలాయన. పోస్టాఫీసులో పనిచేసి మానేసిన పెద్దాయన, బావ చేసిన కాళ్ళ గురించి వీధివీధినా చెప్పే మనిషి. అక్క కమ్మీలు పట్టుకుని అద్దం దాకా నడిచింది, వెనక్కి వచ్చింది. బావ రెండడుగులు ముందుకొచ్చాడు.

"బాగుందా?"

"బాగుంది" అంది అక్క.

ఆమె చంకకర్రల్ని బావ స్టూలెక్కి గోడకి అన్నిటికన్నా పైన తగిలించాడు. ఉత్తరాలాయన చప్పట్లు అందరి చప్పట్ల కన్నా గట్టిగా వినబడ్డాయి. నేను ముక్కు చీదుకుంటూ కొట్టాను.

కొన్ని వారాలు గడిచాయి. అక్క దుకాణానికి రావడం తగ్గించింది, ఇంట్లో పనుందనేది. ఒక మధ్యాహ్నం కత్తెర మర్చిపోయి ఇంటికి వెళ్ళాను. తలుపు వెనక కాలొక్కటే నిలబడి ఉంది, బూటుతో సహా. వంటగదిలో అక్క నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి వెనక్కి జరుగుతూ కూరగాయల బుట్ట తనతో లాక్కుంటోంది. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. పక్కనున్న తువ్వాలు తీసి మొండికాలి మీద కప్పుకుంది. నేను ఆ తువ్వాలు లాగేశాను.

ఎముక చివర చర్మం తెగి గుంట పడింది. చుట్టూ వాచి వేడిగా ఉంది.

"ఎన్నాళ్ళనుంచే ఇది?"

"పొద్దున ఆయన వెళ్ళేదాకా వేసుకుంటాను. సాయంత్రం గేటు చప్పుడు వినగానే మళ్ళీ వేసుకుంటాను. మధ్యలో గాలాడితే అదే మానుతుందిలే."

"చెప్పడానికేం?"

"బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. అంతమంది ముందు అన్నాను. ఇప్పుడెలా కాదంటాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటో ఎక్కించి ఆస్పత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ పుండు కడిగి, కట్టు కట్టి, కళ్ళజోడు తీసి మాట్లాడింది. "ఇది పూర్తిగా మానేదాకా ఆ కాలు తొడగకండి. లోపలికి దిగి ఎముకని పట్టిందంటే మోకాలు కూడా తియ్యాల్సొస్తుంది. మోకాలుంటే నడుస్తారు. అది పోతే నడక చాలా కష్టం." కాస్త ఆగి, "ఇంతకీ ఈ కాలు ఎవరు చేశారు?" అని అడిగింది. అక్క నేల చూసింది. నేను పైకప్పు చూశాను.

దారిలో అక్క నన్ను ఒట్టు వెయ్యమంది. వెయ్యనన్నాను.

ఆ సాయంత్రం బావ చెప్పులు విప్పకముందే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. "బావా, నువ్వు చేసిన కాలు అక్కని కొరుక్కుతింటోంది. నీ చేతికన్నీ తెలుసన్నావే, ఇది తెలియలేదా?"

ఆయన ముఖం మూసుకుపోయింది. లోపలికి తిరిగి, "ఏమోయ్, కాలు బాగుందా?" అన్నాడు.

అక్క కాలు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు తొడుక్కుందో. "బాగుందండీ. కొంచెం ఒరుసుకుంది, అంతే. దాని మాటలు పట్టించుకోకండి."

"ఏదీ, చూపించు."

"చిన్నదేనండీ. మానిపోయింది. చూడక్కర్లేదు."

ఆ మాట వినగానే ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. చూడక్కర్లేదు అన్నందుకు ఆయనకి హాయిగా ఉంది. "విన్నావుగా సూదీ. కొత్తలో అందరికీ అంతే. తొడుగు కింద ఇంకో మేజోడు వేసుకోమను" అని స్నానానికి వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది నా పని.

వంటగదిలో అక్కని పట్టుకుని కడిగేశాను. మొగుడి మాట దక్కితే చాలా, మోకాలు అక్కర్లేదా అన్నాను. అక్క నన్ను ఆగమని చెయ్యెత్తింది.

"నీ నోరుంది చూశావూ, అది చెప్పదు. కొడుతుంది. కొడితే ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు కానీ వింటారా?" అంది. "ఆయనకి పని నేర్పిన ముసలాయన ప్రతి తప్పుకీ ఇనప స్కేలు పెట్టి వేళ్ళ మీద కొట్టేవాడట. నువ్వు దేనికీ పనికిరావురా అంటూ కొట్టేవాడట. పెళ్ళైన కొత్తలో నిద్రలో కూడా చేతులు దాచుకునేవారు. తప్పు అనే మాట వింటే ఇప్పటికీ ఆయనకి పని వినబడదు. పనికిరావన్న మాటే వినబడుతుంది. ఆయన్ని నేనెలా అనను?"

బావని గురివింద గింజ అని చాటుగా ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ఆ రోజు అక్క నా నలుపు నాకు చూపించింది. మండిపోయింది.

అయినా మోకాలు మోకాలే. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి మాటైనా వింటాడేమో అనుకున్నాను. బావ అంతగా నమ్మే మనిషి ఉత్తరాలాయన. ఆయన వచ్చి, అందరికీ బాగుంది కానీ మీ ఆవిడకి ఎందుకో కుదరలేదయ్యా, ఒకసారి చూడు అంటే చూడకపోతాడా? మర్నాడు సాయంత్రం ఆయనింటికి వెళ్ళాను.

తలుపు తీసింది ఆయనే. చంకలకింద కర్రలు. మా గోడ మీదున్నవి కావు, వేరే జత. అడుగున రబ్బరు బుడిపెలు అరిగిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆ తర్వాత ఆయన లోపలికి తీసుకెళ్ళి బీరువా తలుపు తీశాడు. బావ చేసిన కాలు ఉతికిన దుప్పట్లో చుట్టి ఉంది. పట్టీకి నూనె రాసి ఉంది. నేను కుట్టిన పట్టీ అది.

"మీ వీధికొచ్చేటప్పుడు వేసుకుంటానమ్మా. మందుల షాపు వెనక మెట్లున్నాయి, అక్కడ కూర్చుని తొడుక్కుని వస్తాను. వెళ్ళేటప్పుడు మళ్ళీ అక్కడే విప్పేస్తాను."

"మరి ఊరంతా తిరిగి పొగుడుతారేంటండీ?"

"అబద్ధం కాదుగా. అందరికీ బాగున్నాయిగా." ఆయన మంచం మీద కూర్చున్నాడు. "ఒకసారి వచ్చి చెప్పాను. నడక నేర్చుకోమన్నాడు. నేర్చుకున్నాను, నెత్తురొచ్చేదాకా నడిచాను. రాలేదు. గోడ మీద చూస్తే అన్ని కర్రలు. అంతమందికి వచ్చిన నడక నాకొక్కడికే రాలేదంటే లోపం ఎక్కడుంది చెప్పు? జీవితమంతా నడిచి బతికినవాణ్ణి. నడవడం చేతకాదని ఇంకోసారి చెప్పించుకోవడం ఎందుకని ఊరుకున్నా."

ఆయన ఆ మాట మామూలుగానే చెప్పాడు. అక్కణ్నుంచి ఇంకో ఇంటికి వెళ్ళాను, మర్నాడు మరికొన్ని ఇళ్ళకి. ఒకామె కాలు మంచం కింద ఉంది. ఒకరిది అటక మీద. కొందరు నిజంగానే హాయిగా నడుస్తున్నారు, అదీ చూశాను. నడవలేనివాళ్ళు మాత్రం ఒకరికొకరు తెలియకుండా ఒకటే మాట చెప్పారు. అందరికీ కుదిరింది, నాకే చేతకాలేదు. ఆ గోడ ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళందరూ ఇంటికెళ్ళి ఎవరికి వాళ్ళు తమని తాము తక్కువ చేసుకున్నారు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

గడియారాలు బాగుచేసే ఒకాయన ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన పోయి చాలా రోజులైందట. వాళ్ళ అబ్బాయి కిటికీ దగ్గరున్న కుర్చీ చూపించాడు. "నాన్న చివరిదాకా అందులోనే కూర్చున్నాడండీ. మేష్టారు అంత మంచి కాలు చేసిచ్చారు, నాదే చేతకానితనం అనేవాడు."

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాను. ఈసారి నెమ్మదిగానే చెప్పాను. గడియారాలాయన మాట చెప్పేసరికి అక్క ముఖానికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆస్పత్రిలో కూడా అలా ఏడవలేదు.

"నేనూ అదే అనుకున్నానే. ఆయన పెళ్ళాన్నై ఉండి నాకే రాలేదేంటి అనుకున్నాను. ఆయన కోసం దాస్తున్నానని నీకు చెప్పాను కానీ, సగం నా సిగ్గే."

కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "నా లిప్‌స్టిక్ ఎక్కడుందో చూడు" అంది.

ఇప్పుడెందుకని అడగబోయి ఆగాను. అర్థమైంది. డాక్టరమ్మ వద్దందిగా అన్నాను. "ఇదొక్కసారే. ఆ తర్వాత నువ్వు తొడగమన్నా తొడగను" అంది. జనం ఉన్నప్పుడు వెళ్దామని నా ఉద్దేశం. అందరూ చూస్తే ఇక తప్పించుకోలేడు కదా అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "నలుగురిలో వద్దు. నలుగురి ముందు ఎవరైనా పరువు చూసుకుంటారు, కాలు చూడరు" అంది.

మధ్యాహ్నం దుకాణంలో బావా నేనూ మాత్రమే ఉండే వేళకి వచ్చింది. కట్టు మీద తెల్లటి తొడుగు, తొడుగు మీద మోకాలి కింది నుంచి సగం దాకా చిక్కగా రంగు, దాని మీద కాలు. ఇంటినుంచి అలాగే నడిచొచ్చింది. ముఖమంతా చెమట. బావ ఆమెని చూసి సంబరపడిపోయాడు. పిలవకుండానే ఆమె కమ్మీల దగ్గరికి వెళ్ళి అద్దం దాకా నడిచింది. ఆయన అలవాటుగా అద్దం పక్కకి చేరాడు.

"బాగుందా?"

అక్క వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పట్టీ విప్పింది. కాలు తీసి రెండు చేతులతో ఆయనకి అందించింది.

"మీరే చూడండి."

ఆయన ఏమీ అర్థం కానట్టు గిన్నెలోకి చూశాడు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో వంచాడు. ఎరుపు చదవడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పక్క ఎముక దగ్గర గీత, మోకాలి చిప్ప కింద ముద్ద. ఆయన వేలు ఒక్కొక్కచోటా ఆగుతూ కిందికి వెళ్ళింది. అడుగున ఆగిపోయింది. వేలు బయటికి తీసి చూసుకున్నాడు.

"అడుగున రంగు మరీ ఎక్కువ పూశావు" అన్నాడు.

"అక్కడ నేను రంగు పుయ్యలేదండీ" అంది అక్క.

ఆయన నోరు తెరిచాడు. ఏం వస్తుందో నాకు తెలుసు. "నువ్వు నడక..." అన్నాడు. మిగతాది రాలేదు. కాలు బల్ల మీద పెట్టి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. అంత పెద్దమనిషి అలా చేతులు దాచుకుంటే చూడలేకపోయాను. నా దగ్గర బోలెడు మాటలున్నాయి, దాచిపెట్టుకున్నవి, పదును పెట్టుకున్నవి. ఒక్కటీ పైకి రాలేదు, వచ్చినా అనేదాన్ని కాదు.

"మీరు పనికిరారని నేననడం లేదు. ఇక్కడ నొప్పెడుతోందని చెప్తున్నాను. రెండూ ఒకటి కాదండీ" అంది అక్క.

ఆయన చాలాసేపు ఆమె మొండికాలినే చూశాడు. తొడుగు అడుగున మరక పాకుతోంది. దగ్గరికి జరిగి, తొడుగు తీసి, కట్టు విప్పి, పుండు చూశాడు. చూసి తల దించుకున్నాడు. కొంతసేపటికి తలెత్తి గోడకేసి చూశాడు.

"మరి వీళ్ళంతా?"

అక్క నా వైపు చూసింది. నేను చెప్పాను. మందుల షాపు వెనక మెట్ల సంగతి చెప్పాను, గడియారాలాయన కుర్చీ సంగతి చెప్పాను. బాగా నడుస్తున్నవాళ్ళ సంగతి కూడా మర్చిపోకుండా చెప్పాను, అదీ నిజమే కాబట్టి. ఆయన అంతా విన్నాడు. అయిపోయాక లేచి, స్టూలు ఎక్కి, అన్నిటికన్నా పైనున్న అక్క చంకకర్రలు కిందికి దించాడు. వాటికి పట్టిన దుమ్ము తన చొక్కాతో తుడిచి ఆమెకిచ్చాడు.

ఆ తర్వాత రోజుల్లో ఆయన సాయంత్రం టీ తాగడం మానేశాడు. గోడ మీది కర్రలు బండికి కట్టుకుని ఎవరివి వాళ్ళకి ఇచ్చొచ్చేవాడు. కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ ఆయన నోటికి మొదట వచ్చేది బాగుందా అన్న మాటే. దాన్ని మింగి, "ఎక్కడ నొప్పి?" అని అడిగేవాడు. చాలామంది అబ్బే, బాగుందండీ అనేవారు. ఆయన కదిలేవాడు కాదు, అలాగే నిలబడేవాడు. చివరికి వాళ్ళే కూర్చుని చూపించేవారు. ఉత్తరాలాయన మాత్రం, "అయితే నాకు నడక వచ్చన్నమాట" అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళొత్తుకున్నాడు. బావ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వేరే ఏం చెయ్యాలో తెలియనట్టు.

దీంతో ఆయన మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని రోజులు పనే ముట్టుకోలేదు, నేను దేనికీ పనికిరానన్నాడు. అక్కకి కోపం వచ్చింది. అది కూడా మీ గురించి మీరు వేసుకునే తప్పు లెక్కేనంది. ఒకసారి ఎవరో కొత్తాయన ఒరుసుకుంటోందంటే, బావ పళ్ళు బిగించి బల్ల చివర పట్టుకుని నిలబడి, ఆ తర్వాత రంగు డబ్బా తీశాడు. ఇప్పుడు రంగు లేకుండా ఏ కాలూ గడప దాటదు.

అక్క పుండు మానడానికి చాలాకాలం పట్టింది. మోకాలు దక్కింది. కొత్త గిన్నె చేశాడు. ఇక్కడ కొంచెం అంది. అరగదీశాడు. ఇంకా ఇక్కడ అంది. పక్కన పడేసి మళ్ళీ అచ్చు తీశాడు. బాగాలేదండీ అనే మాట అక్క నోట ఎంత తేలిగ్గా వస్తోందో అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆయన ప్రతిసారీ పెన్సిలు తీసుకునేవాడు.

ఒక రోజు అక్క కమ్మీల మధ్య నడిచి వచ్చి కూర్చుంది.

"ఎక్కడ?" అన్నాడు బావ, పెన్సిలు పట్టుకుని.

"ఎక్కడా లేదండీ."

ఆయన నమ్మలేదు. కాలు విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చాలాసేపు చూశాడు. చూసి, నా చేతికిచ్చాడు. "నువ్వు చూడవే సూదీ" అన్నాడు. ఆయన అలా అడగడం అదే మొదలు. లోపలికి చూశాను. పలచటి ఎరుపు అంతటా ఒక్కలాగే ఉంది, ఎక్కడా ముద్ద లేదు.

"బాగుంది బావా" అన్నాను. ఆ మాట నేనూ ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మా ఇద్దరినీ చూడలేదు. ఎదురుగా ఉన్న గోడకేసి చూశాడు. మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క జత మాత్రం వేలాడుతోంది, చంక దగ్గర గుడ్డ చుట్టింది, గడియారాలాయనది. దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వలేకపోయాడు, తియ్యనూ లేదు.

గిన్నెలో రంగు తుడిచి, తొడుగు మీద మళ్ళీ కొత్తగా పూసి, అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాలు తొడిగాడు.

"ఇంకోసారి నడువు" అన్నాడు.

అక్క విసుక్కోలేదు. లేచి, కమ్మీల మధ్యకి వెళ్ళి, నడిచింది.